బరువు తెలియనివ్వని రాయి

మిర్చి సీజన్‌లో పొద్దున్నే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళితే ముందు తుమ్మొస్తుంది, తర్వాత హమాలీలు కనిపిస్తారు. బస్తా వీపు మీదికి ఎక్కగానే మనిషి ఆకారమే మారిపోతుంది. మెడ నరాలు ఉబ్బుతాయి, మోకాళ్లు కాస్త వంగుతాయి, అడుగు పొట్టిదవుతుంది, చూపు నేల వదలదు. ఎవరూ చెప్పకుండానే ఆ మనిషి ఎంత మోస్తున్నాడో మన వీపుకు తెలుస్తుంది.

అలాంటి ఒక ఉదయం తర్వాత, అదే రోజు మధ్యాహ్నం నేను పాలంపేటలో ఉన్నాను. వరంగల్ నుంచి ములుగు మీదుగా వెళ్లి, జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర మళ్లితే రామప్ప గుడి. తూర్పు వాకిలి దగ్గర తలెత్తి చూస్తే, స్తంభం భుజం మీంచి ముందుకు వాలిన ఒక నల్లరాతి మదనిక. ఆమె తలపైన పెద్ద చూరు రాయి ఉంది. చూరు రాయి అంటే ఎద్దుల బండి కూడా లాగలేని బండ. అది మీద ఉండగా ఆమె నడుము ఒక పక్కకు విరిచి, ఒక కాలు మడిచి, ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టు నిలబడింది. మెడ నరం ఉబ్బలేదు. మోకాలు వణకలేదు. ముఖంలో చిన్న నవ్వు కూడా ఉంది.

హమాలీని చూసి వచ్చిన కళ్లకు ఆ నవ్వు నమ్మబుద్ధి కాలేదు. మరి ఆ బరువంతా ఎక్కడికి పోయింది?

కాకతీయుల రాతి పని గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా నగిషీ దగ్గరే ఆగిపోతాం. సూది దూరే సందు, అద్దంలా మెరిసే స్తంభం, తడితే పలికే రాయి. ఇవన్నీ నిజమే, చూడదగ్గవే. కానీ ఆ శిల్పుల అసలు చదువు బరువు చదువు. ఏ రాయి మొయ్యాలి, ఏ రాయి మోస్తున్నట్టు కనబడితే చాలు, ఏ చోట అసలు బరువే పెట్టకూడదు అన్నది వాళ్లకు తెలిసినంత బాగా ఆ కాలంలో తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఈ గుడిని మామూలుగా చూసే వరసలో కాకుండా, బరువు దిగే దారిలో చూద్దాం. శిఖరం దగ్గర మొదలుపెట్టి, పునాది ఇసుక దాకా.

దానికి ముందు రెండు తేదీలు. హనుమకొండలో వేయి స్తంభాల గుడిని కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు, ముగ్గురికీ మూడు గర్భగుళ్లున్న త్రికూటాలయం అది. సరిగ్గా 50 ఏళ్లకు, శాలివాహన శకం 1135లో, అంటే 1213లో, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రుద్రేశ్వరాలయం, అంటే ఈ రామప్ప గుడి, వెలసినట్టు శాసనం వేయించాడు. పని ఆ ఏడుతో ముగియలేదనీ, ఇంచుమించు 40 ఏళ్లు సాగిందనీ అంటారు. 2021 జూలై 25న యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ రేచర్ల రుద్రుడి కథలోనూ బరువే ఉంది. దేవగిరి యాదవులతో యుద్ధంలో కాకతీయ రాజు మహాదేవుడు చనిపోయి, కొడుకు గణపతిదేవుడు బందీగా చిక్కినప్పుడు, ఓరుగల్లు రాజ్యం చెదిరిపోకుండా పట్టి నిలిపినవాడు ఈయనే. అందుకే ఆయన బిరుదుల్లో ఒకటి కాకతీరాజ్య భారధౌరేయుడు. కాడి మోసే ఎద్దులా రాజ్యభారం మోసినవాడని అర్థం. అలాంటి మనిషి కట్టించిన గుడిలో బరువు గురించి ఇంత ఆలోచన ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు, కానీ ముచ్చటగా ఉంది.

పైన: వద్దన్న బరువు

రామప్ప గుడి గోడలు ఎర్ర ఛాయ ఉన్న ఇసుకరాయి. స్తంభాలు, దూలాలు, మదనికలు గ్రానైటు, నల్లని డోలరైటు. ఇంత రాయి వాడిన వాళ్లు గర్భగుడి మీది విమానాన్ని కూడా రాతితోనే లేపుతారని ఎవరైనా అనుకుంటారు. వాళ్లు లేపలేదు. అక్కడ ఇటుక పెట్టారు. అదీ మామూలు ఇటుక కాదు. ముక్కను నీళ్లలో వేస్తే తేలుతుంది.

నీళ్లలో తేలే ఇటుక అంటే మాయలా వినిపిస్తుంది గానీ, సూత్రం మన బొరుగులదే. బియ్యపు గింజ నీళ్లలో మునుగుతుంది, అదే గింజ వేగి ఉబ్బితే తేలుతుంది. గింజ అదే, లోపల గాలి చేరింది. మట్టిలో ఊకో, రంపపు పొట్టో కలిపి ఇటుక కోసి కాల్చితే, కలిపింది మండిపోతుంది, దాని చోట గుల్ల మిగులుతుంది. అలా ఒళ్లంతా గుల్లలైన ఇటుక అదే కొలతలో ఉన్న నీటి కన్నా తక్కువ తూగుతుంది. కష్టమంతా ఎక్కడంటే, గుల్లలు ఎక్కువైతే ఇటుక పొడై రాలిపోతుంది, తక్కువైతే బరువు తగ్గదు. ఆ మధ్య కొలతను ఆవం దగ్గర కూర్చున్న మనిషి పట్టుకున్నాడు. ఆ మనిషి శిల్పి కూడా కాకపోవచ్చు, కుమ్మరి కావచ్చు. మదనిక ముఖంలో నవ్వు నిలిచిందంటే అందులో అతని వాటా ఉంది.

ఈ ఆలోచన లోకంలో మరో చోట కూడా కనిపిస్తుంది. రోమ్ నగరంలో హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, అంటే రామప్పకు దాదాపు 1100 ఏళ్ల ముందు కట్టిన పాంథియాన్ గుడి గుమ్మటం అడ్డం 43 మీటర్లు. అడుగున కాంక్రీటులో బరువైన రాతి ముక్కలు కలిపారు. పైకి పోయేకొద్దీ తేలిక రాళ్లు, చివరికి నీటిలో తేలే అగ్నిపర్వతపు నురుగురాయి. రోమ్ వాళ్లకు అగ్నిపర్వతం దగ్గర్లో ఉంది, తేలిక రాయి దొరికింది. పాలంపేట వాళ్లకు దొరకలేదు, అందుకని తయారు చేసుకున్నారు. ఒకరి పని మరొకరు చూసి ఉండే అవకాశం లేదు. ఎత్తు కట్టే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు తలకు తాకించుకునే ద్వారబంధం అది: పైన ఎంత పెడితే కింద అంత మొయ్యాలి.

చూరు కింద: మోస్తున్నట్టు నటించే రాయి

ఇక మదనికల దగ్గరికి. మూడు వాకిళ్ల దగ్గర కలిపి 12 మంది. మిగతా బయటి స్తంభాలకు సింహపు ఒళ్లున్న వింత జంతువులు అదే వాలులో ఉంటాయి. స్తంభం భుజం మీద కాలూని, చూరు రాయి అంచుకు తల తగిలించి, గాలిలో ఏటవాలుగా నిలిచిన రాళ్లు ఇవి. హైదరాబాద్ సంస్థాన పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ 1922లో పాలంపేట గుళ్ల మీద పుస్తకం తెచ్చినప్పటి నుంచీ ఈ బొమ్మలను చూసినవాళ్లు ఒక మాట ఒప్పుకుంటూనే ఉన్నారు: ఇవి చూరును మోసేది పేరుకే. చూరు రాయి భారం గోడ వైపుకు, దూలం మీదికి పోతుంది. మదనిక మీద పడేది దాదాపు ఏమీ లేదు.

ఇప్పుడు అర్థమైంది ఆ నవ్వు సంగతి. ఆమె మొయ్యడం లేదు. మొయ్యడం అనే అభినయం పడుతోంది. నాట్యంలో కృష్ణుడిగా చేసే అమ్మాయి గోవర్ధనగిరిని చిటికెన వేలిపై ఎత్తినట్టు చూపిస్తుంది చూడండి, అదీ ఈ పని. శిల్పి ఆమె భుజం మీంచి నిజమైన బరువు తీసేశాడు కాబట్టే నడుము ఇష్టం వచ్చినట్టు తిప్పగలిగాడు. బరువు మోసే స్తంభాన్ని అంత సన్నగా, అంత వంపుగా చెక్కితే ఎప్పుడో విరిగేది.

దగ్గరగా చూడాల్సినవి రెండు. ఒకటి నాగిని. ఒంటికి పాములు చుట్టుకున్న స్త్రీ. పాము ఒళ్లు ఆమె ఒంటి మీద బరువుగా పడినచోట ఒకలా, తేలిపోయినచోట ఒకలా ఉంటుంది. రెండూ ఒకే రాయి, ఒకే నలుపు, ఒకే మెరుపు. అయినా ఏది చర్మం, ఏది పాము అన్నది తడుముకోనక్కర్లేదు. రెండోది, మడమ ఎత్తుగా ఉన్న చెప్పులు తొడుక్కున్న మదనిక. గైడ్లందరూ ముందు ఆమెనే చూపిస్తారు, కాలేజీ పిల్లలందరూ ఆమె దగ్గరే సెల్ఫీ దిగుతారు. చెప్పుల ముచ్చట అయ్యాక ఒక్క నిమిషం ఆమె మెడ వైపు చూడండి. హారం ఒంటి మీద గీసినట్టు ఉండదు, ఒంటికి వేసినట్టు ఉంటుంది. ఎండ వాలే వేళ హారం కింద దాని నీడ పడుతుంది. ఆ నీడ కోసం శిల్పి హారం కింది రాతిని లోపలికంటా తీసేశాడు. నగ అంచు తెగకుండా, కింది చర్మానికి గీత పడకుండా.

ఇది డోలరైటులో చేశాడన్నది గుర్తుంచుకోవాలి. కర్ణాటకలో బేలూరు చెన్నకేశవాలయం 1117 నాటిది. అక్కడి మదనికలు కూడా చూరు కిందే ఉంటారు, అందంలో వాళ్లకు వంక పెట్టడానికి లేదు. కానీ హొయసల శిల్పులకు దొరికిన రాయి గని నుంచి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడే రకం. దంతం చెక్కినట్టు చెక్కుకోవచ్చు. ఓరుగల్లు శిల్పికి ఆ వెసులుబాటు లేదు. మన గ్రానైటు నేలలో, భూమి లోపలి పగుళ్లలోకి శిలాద్రవం ఎగదన్ని చల్లారితే ఏర్పడిన నల్లరాయి డోలరైటు. తెలంగాణలో ఊరి పక్క గుట్టల్లో నల్లటి గోడ కట్టినట్టు బారుగా కనిపిస్తుంది. దాని మీద ఉలి పెడితే మొన వెనక్కి తంతుంది. పొద్దంతా కొడితే గుప్పెడు పొడి రాలుతుంది.

మరి అంత మొండి రాయే ఎందుకు? రెండు కారణాలు. ఇసుకరాయికి పొరలుంటాయి, దెబ్బ పొర వెంట పడితే ఊడి వస్తుంది. డోలరైటుకు పొరలు లేవు, ఏ పక్క నుంచి కొట్టినా ఒకేలా తెగుతుంది. పైగా దాని రేణువు సన్నం, అందుకే వెంట్రుక వాసి గీత కూడా నిలుస్తుంది, మెరుగు పడితే నీళ్లు తొణికినట్టుంటుంది. అంటే ఒకసారి దానితో వేగితే, తర్వాత అది మాట తప్పదు. ఉలి మొన ఎంత గట్టిదైతే ఈ పని అంత సాగుతుంది. ఉత్తర తెలంగాణ మూస ఉక్కుకు పేరుపొందింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చిన నేల ఇది. మంచి కమ్మరి లేని చోట మంచి శిల్పి ఎదగడు.

లోపల: వంపంటే భయపడే రాయి

వాకిలి దాటి రంగమంటపంలోకి వస్తే కళ్లకు చీకటి అలవాటు కావడానికి కాస్త టైం పడుతుంది. అప్పుడు నాలుగు నల్ల స్తంభాలు ఒక్కొక్కటే బయటపడతాయి.

రాయికి నొక్కుడంటే లెక్కలేదు, వంపంటే ప్రాణభయం. నిలువుగా నిలబెట్టి ఎంత నెత్తిన పెట్టినా ఓర్చుకుంటుంది. అడ్డంగా పరిచి మధ్యలో బరువు పెడితే కింది వైపు సాగి, అక్కడ పగులు పుడుతుంది. రాతి దూలం రెండు స్తంభాల మధ్య ఎక్కువ దూరం పోలేదు. అందుకే మన గుళ్లలో అన్ని స్తంభాలు. హనుమకొండ గుడికి వేయి స్తంభాలని పేరు రావడానికి వెనక ఉన్నది ఈ లెక్కే. భక్తి ఎంత ఉన్నా రాయి తన స్వభావం మార్చుకోదు.

ఆ దూరాన్ని తగ్గించడానికి వాళ్లు చేసిన ఉపాయం స్తంభం నెత్తి మీద ఉంది. నాలుగు వైపులకూ చేతులు చాచిన బోదె రాయి. ప్రతి చెయ్యీ దూలం కిందికి కాస్త జరిగి దాన్ని ముందుగానే అందుకుంటుంది. రెండు వైపులా అలా జరిగితే దూలం గాలిలో ఉండే పొడవు తగ్గుతుంది. పై కప్పులో కూడా అదే నీతి. నాలుగు మూలలకూ ఏటవాలు పలకలు వేసి చదరాన్ని చిన్నది చేసి, దాని మీద మళ్లీ అలాగే వేసి, చివరికి మధ్యలో మిగిలిన చిన్న చోటును ఒక్క పలకతో మూశారు. ఇంత భయంతో కట్టిన కప్పు అని కింద నిలబడ్డవాడికి అనిపించదు. ఎందుకంటే భయం ఉన్న ప్రతిచోటా బొమ్మలు పెట్టారు. దూలాల ఒంటి మీద దేవతలూ రాక్షసులూ పాలసముద్రం చిలుకుతుంటారు, శివుడు త్రిపురాలను కూలుస్తుంటాడు. పైన కథ చూస్తున్నవాడు కింది పగులు గురించి ఆలోచించడు.

స్తంభం దగ్గర ఆగి చేత్తో కాకుండా కంటితో తడమండి. అడుగున చదరం, పైన గుండ్రం, మళ్లీ చదరం, మళ్లీ పలకలు. గుండ్రటి చోట్ల ఒకదాని మీద ఒకటి పేర్చిన గాజుల్లా సన్నని వలయాలు. లేత్ మిషను మీద తిప్పినట్టు ఏ వలయమూ పక్కదానికంటే లావు కాదు. చదరపు ముఖాల మీద నర్తకులు, మద్దెల వాయించేవాళ్లు. హనుమకొండలో మెరుగు పెట్టిన నల్ల స్తంభం ముందు నిలబడితే మన ఆకారం మసకగా అందులో కనిపిస్తుంది. ఈ మెరుగు పూత కాదు. తడి ఇసుకతో, ఆపైన ఇంకా సన్నటి పొడితో, ఇంకా సన్నటి పొడితో రాతి మీద రాతిని రుద్దుతూ పోతే, గీతలు కంటికి ఆననంత చిన్నవైన రోజున వెలుగు చెదరకుండా తిరిగొస్తుంది. మెరుపు అంటే మిగిలిపోయిన గీత లేకపోవడం. ఓపికకు ఇంతకంటే మంచి నిర్వచనం నాకు తెలియదు.

గర్భగుడి వైపు ద్వారం పక్కన పొన్న చెట్టెక్కి వేణువు ఊదే కృష్ణుడున్నాడు. నన్ను లోపలికి తీసుకెళ్లిన ముసలి గైడు జేబులోంచి దారం తీశాడు.

“గిది సూడుండ్రి సార్. దారం ఇట్ల పోనిచ్చి అట్ల తియ్యొచ్చు.”

కొమ్మల మధ్య సందులోంచి దారం దూరి వెనక నుంచి చుట్టి ఇటు వచ్చింది. తర్వాత అతను వేలి గోటితో రాతిని నాలుగు చోట్ల మీటాడు. ఒక్కో చోట ఒక్కో స్వరం. పక్కనే ఉన్న చిన్నపాప “మళ్లీ, మళ్లీ” అంది.

ఇందులో గుట్టు ఆ సందే. రాయి గోడకు అతుక్కుని ఉంటే తట్టినప్పుడు ‘టప్’ మంటుంది, అంతే. రెండు కొసలూ పట్టి ఉండి మధ్య భాగం గాలిలో ఉంటే, అది వీణ మెట్ల మీది తీగలా వణుకుతుంది. సన్నమైతే ఒక స్వరం, మందమైతే ఒకటి, పొడవైతే మరొకటి. గుల్ల లేని, పగులు లేని, బిగువైన రాయి కాబట్టి ఆ వణుకు వెంటనే చావదు. అంటే స్వరం వినిపించిందంటే లోపల ఎక్కడా పగులు లేదని కూడా అర్థం. కుండ కొనేటప్పుడు మన అమ్మలు వేలితో కొట్టి చూసేది దీనికే. చెక్కిన శిల్పి కూడా పని చేస్తూ అలాగే చెవి పెట్టి విని ఉంటాడని నాకు గట్టి నమ్మకం.

అడుగున: బరువును ఒప్పుకున్న ఇసుక

బరువు ఇప్పుడు స్తంభాల గుండా నేలకు వచ్చింది. గుడి అడుగున మనిషెత్తు పీఠం ఉంది, దాదాపు 6 అడుగులు, నక్షత్రంలా మూలలు బయటికి పొడుచుకు వచ్చింది. గోడ అడుగు పట్టీ చుట్టూ ఏనుగుల బారు. ఏనుగులు గుడిని మోస్తున్నట్టు ఉంటుంది. అదీ అభినయమే. ఒకటి తొండం ఎత్తుతుంది, ఒకటి ముందున్నదాని తోక పట్టుకోబోతుంది. మోసేవాటికి అంత తీరిక ఉండదు.

నిజంగా మోసేది కంటికి కనపడదు. పునాది గొయ్యి తవ్వి, దాన్ని ఇసుకతో నింపి, ఆ ఇసుక మీద ఇంత గుడినీ నిలబెట్టారు. వినగానే గుండె జారుతుంది. ఇసుక మీద కట్టిన ఇల్లు అని మనం తిట్టుగా అంటాం. కానీ జారిపోయే ఇసుక వేరు, కట్టుబడిన ఇసుక వేరు. గోతాం నిండా ఇసుక నింపి మూతి కుట్టి దాని మీద ఎక్కి తొక్కండి, రాయిలా ఉంటుంది. పక్కకు పోవడానికి దారి లేనప్పుడు రేణువు రేణువును పట్టుకుంటుంది. ఒక స్తంభం కింద ఎక్కువ బరువు పడితే దాన్ని అన్ని వైపులకూ పంచుతుంది. నేల అదిరితే ఆ అదురును తనలో కొంత మింగుతుంది. ప్రాచీన ఈజిప్టులో కూడా గుళ్ల పునాది గోతుల్లో ఇసుక పొర పరిచేవాళ్లు.

ఊళ్లో నీళ్లు మోసే ఆడవాళ్లు నెత్తిన బిందె పెట్టుకునే ముందు గుడ్డను చుట్టి చుట్టకుదురు చేసుకుంటారు. గట్టి తలకు గట్టి బిందెకు మధ్య మెత్తటిది ఒకటి ఉండాలి. లేకపోతే బరువంతా ఒక్క చోట దిగి నొప్పి పెడుతుంది, అడుగు తడబడితే బిందె జారుతుంది. కాకతీయుల ఇసుక పునాది అంటే గుడి కింద పెట్టిన చుట్టకుదురే.

మెత్తటిదానికి ఉండే కష్టం కూడా దానికి ఉంది. రామప్ప మంటపంలో నడిస్తే నేల అలల్లా ఎగుడుదిగుడుగా తగులుతుంది. పలకలు కొన్ని చోట్ల లేచాయి, కొన్ని చోట్ల దిగాయి. కాలు ఆ ఒడిదుడుకును పట్టేస్తుంది, కానీ తల పైకెత్తితే దూలాలు తమ చోట్లలోనే ఉన్నాయి. ఎనిమిది వందల ఏళ్లు అంటే అంతే మరి. నేల కదిలింది, కుంగింది, గుడి దానితో పాటు కాస్త సర్దుకుని నిలబడింది. సిమెంటు పోసిన కట్టడమైతే ఇలా సర్దుకోలేదు, పగిలిపోతుంది.

హనుమకొండలో వేయి స్తంభాల గుడి కల్యాణ మంటపం అలా సర్దుకోలేని స్థితికి వచ్చింది. కుంగి, స్తంభాలు వాలడంతో భారత పురావస్తు శాఖ 2006లో దాన్ని రాయి రాయిగా విప్పింది. ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఆ రాళ్లు పక్కన నంబర్లు వేసుకుని పడి ఉండటం మా తరం వరంగల్ పిల్లలందరూ చూశారు. గుడికి వెళ్లినప్పుడల్లా “ఇంకా కాలేదా?” అనుకోవడం అలవాటైపోయింది. చివరికి 2024 మార్చి 8న, శివరాత్రి నాడు, మంటపం మళ్లీ తెరుచుకుంది. ఆలస్యం మాట అటుంచితే, ఒక సంగతి అందులోంచి తెలిసింది. సున్నం, సిమెంటు లేకుండా రాయిలో రాయి కూర్చోబెట్టిన కట్టడం కాబట్టే దాన్ని విప్పగలిగారు, తిరిగి కూర్చగలిగారు. గాడిలో నాలుక, గుంటలో ముడి, వాటి మీద సొంత బరువు. ఇక్కడ బరువే అతుకు. పై రాయి నొక్కుతూ ఉన్నంత కాలం కింది రాయి కదలదు. ఈ పద్ధతిలో బరువును శత్రువుగా చూడలేదు, పనిలోకి పెట్టుకున్నారు.

కోటలో: బరువే లేని వాకిలి

ఈ దారి చివర ఓరుగల్లు కోటకు వెళ్లాలి. స్వయంభూ దేవాలయం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు, ఒక్కొక్కటి దాదాపు 30 అడుగుల ఎత్తు. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకున్నాక గుడి నేలమట్టమైంది, ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. తోరణాలు మాత్రం నిలిచాయి. వాటి మీద దేవుడి బొమ్మ లేదు. కొసల్లో హంసలు, మకరాలు, లతలు, కిందికి వేలాడే తామర మొగ్గలు. ఏ మతం వాడు చూసినా ఇది వాకిలి, అందమైన వాకిలి, అంతే. 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది ఈ తోరణమే.

సాంచి తోరణాల వంశం వీటిది. అయితే ఒకటి గమనించండి. ఈ తోరణం మీద కప్పు లేదు, గోడ లేదు, గోపురం లేదు. దేన్నీ మొయ్యదు. తన్ను తాను మోసుకుంటుంది, అంతే. అందుకే అక్కడ శిల్పి వేలాడే పని పెట్టుకున్నాడు. రాయి స్వభావం కిందికి పడటం. ఆ పడే రాయిని పడకుండా పట్టి, మొగ్గగా మార్చి, ఇప్పుడే గాలికి ఊగి ఆగినట్టు వేలాడదీశాడు. పాలంపేటలో బరువును దాచిన చెయ్యి, ఇక్కడ దానితో ఆడుకుంది.

చెయ్యి అంటే ఎవరిది? బేలూరులో శిల్పులు బొమ్మల కింద తమ పేర్లు చెక్కుకున్నారు. పాలంపేట శాసనం గుడి కట్టించిన సేనాని పేరు చెబుతుంది, దేవుడి పేరు చెబుతుంది. జనం మాత్రం ఆ రెండు పేర్లనూ పక్కన పెట్టి, శిల్పి అని తాము నమ్మే రామప్ప పేరుతోనే గుడిని పిలుస్తారు. చెరువును కూడా రామప్ప చెరువు అనే అంటారు. చివరికి యునెస్కో జాబితాలో కూడా ఆ పేరు చేరక తప్పలేదు. పేరు మిగలని ఆ చెయ్యి ఎంత నిక్కచ్చిదో నాట్యం చెబుతుంది. గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి అనే నాట్య గ్రంథం రాశాడు. మన కాలంలో నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ ఈ గుడి బొమ్మల్నీ పక్కపక్కన పెట్టుకుని పేరిణి నృత్యానికి మళ్లీ ఊపిరి పోశాడు. రాతిలో నిలిచిన అడుగు మళ్లీ మనిషి కాలికి వచ్చిందంటే, చెక్కినవాడు దాన్ని ఎంత సరిగ్గా చెక్కి ఉండాలి!

సాయంత్రం తిరిగి వస్తూ మళ్లీ మార్కెట్ రోడ్డు మీదుగా వచ్చాను. గేటు దగ్గర ఒక హమాలీ పని ముగించి, వీపు మీద వేసుకునే గోనెసంచిని దులిపి నాలుగు మడతలు పెడుతున్నాడు. పొద్దంతా అతని వెన్నుకూ బస్తాకూ మధ్య ఉన్నది ఆ సంచే. పొద్దున అతన్ని చూసినప్పుడు నాకు నరాలు కనపడ్డాయి గానీ ఆ మడత కనపడలేదు. రామప్ప నేల కింది ఇసుకను ఊహించుకుని వచ్చాక కనపడింది.